చర్చ: ట్రామా (మనసును గాయపరిచిన ఘటన) తర్వాత మొదలైన ఓసీడీలో (వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటిని అణచడానికి పదేపదే చేసే పనులు) ముందు దేన్ని పట్టుకోవాలి?

గోదారిగట్టు: ఇంట్లో దొంగలు పడ్డాక తాళం చూసుకునే ప్రతివాళ్లకీ ఓసీడీ అనేయకండి. చప్పుడైతే లేచి ఓసారి చూసి పడుకోవడం పీటీఎస్‌డీ (ఘోరమైన ఘటన తర్వాత వదలని భయం, పీడకలల జబ్బు) తాలూకు జాగ్రత్త కావచ్చు. తాళం పడ్డం కళ్లతో చూసినా నమ్మకం కుదరక లెక్కపెట్టి లాగడం, లెక్క తప్పితే మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టడం ఓసీడీ దారి. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు.

శిశిరం: లైంగిక దాడి తర్వాత గంటల తరబడి స్నానాలు చేసేవాళ్ల సంగతేంటండీ? తలుపు గడియ ముట్టుకుని చెయ్యి కడగకుండా ఉండే ఎక్స్‌పోజర్ (భయపెట్టేదాన్ని మెట్లుమెట్లుగా ఎదుర్కునే థెరపీ) వాళ్లలో సాగట్లేదు.

గోదారిగట్టు: మురికి చేతి మీద లేదు కాబట్టి. ఓసీడీ మీద పనిచేసిన సైకాలజిస్టు స్టాన్లీ రాక్‌మన్ దీన్నే మెంటల్ కంటామినేషన్ (మనసుకంటిన మైల) అన్నారు. ఎవరూ ముట్టుకోనక్కర్లేదు, దాడి చేసినవాడు గుర్తొస్తే చాలు, ఒళ్లంతా మైలపడ్డట్టుంటుంది. సబ్బుతో పోయేది కాదది. ఇంట్లోవాళ్లేమో చాదస్తం అనుకుంటారు, మడి పాటించే ఇళ్లలో అసలు పట్టించుకోరు కూడా. ట్రిగ్గర్ల జాబితాలో వస్తువులతో పాటు వాడి పేరు, సెంటు వాసన, ఆ వేళ కూడా రాయించాలి. ఒక్కోదానికి 0 నుంచి 100 దాకా భయం మార్కు వేయించి, 30–40 ఉన్నవాటితో మొదలుపెట్టాలి. దాడి చేసినవాడికి ఎదురుపడమనే థెరపిస్టు దొరికితే ఆ గుమ్మం మళ్లీ తొక్కకండి.

మందులచీటీ: ఓసీడీకి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ (సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందులు) డోసు ఎక్కువే కావాల్సి వస్తుంది. సెర్ట్రలిన్ 200 మి.గ్రా. దాకా డాక్టరు మెల్లగా పెంచొచ్చు, ఫలితం తేలడానికి 8–12 వారాలు. 50 దగ్గరే ఆగి మందు పనిచేయలేదనుకోవడం మామూలు పొరపాటు. ఇక నిద్రకని రోజూ క్లోనాజెపామ్ (ఆందోళన తగ్గించి మత్తునిచ్చే మందు) వేసుకోవడం పీటీఎస్‌డీలో మంచిది కాదు, ఎక్స్‌పోజర్‌లో నేర్చుకున్నది నిలవనివ్వకపోవచ్చు. అలాగని ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. తగ్గించడం డాక్టరు చెప్పినట్టే.

శిశిరం: కడగడం తగ్గాక పీడకలలు పెరిగితే?

గోదారిగట్టు: కొందరికి పెరుగుతాయి. కడుగుడు ఆ జ్ఞాపకం మీద మూతలా ఉండి ఉంటుంది. ఎక్స్‌పోజర్ ఎక్కిన మెట్టు మీదే నిలిపి, ట్రామా థెరపీని పక్కనే మొదలెట్టాలి. ఓసీడీ తీవ్రతకు 40కి వేసే వై-బాక్స్, పీటీఎస్‌డీ లక్షణాలకు 80కి వేసే పీసీఎల్-5 రెండు స్కోర్లూ ఒకే కాగితం మీద రాస్తూ పోతే, ఒకటి దిగుతుంటే రెండోది ఎక్కుతోందేమో తెలుస్తుంది. చావు ఆలోచనలొస్తే మాత్రం తర్వాతి సెషన్ దాకా ఆగొద్దు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి తెలుగులోనే మాట్లాడొచ్చు.

మందులచీటీ: ఇంట్లోవాళ్లకు ఇంకోటి. "తాళం పడింది, నేను చూశా" అని అడిగినప్పుడల్లా చెప్పడం కూడా ఆ లెక్కలో భాగమైపోతుంది. దాన్ని కూడా థెరపిస్టుతో మాట్లాడుకుని మెల్లగా తగ్గించాలి, ఓ రాత్రి హఠాత్తుగా మానేయకూడదు.