ఫుట్‌బాల్‌లో ఇంటర్నేషనల్ బ్రేక్ (ప్లేయర్లు నేషనల్ టీమ్‌లకి ఆడటానికి లీగ్ ఆగే రోజులు) అయ్యాక టీమ్‌లు ఎందుకు తడబడతాయి? ఒకే ప్లేయర్లు క్లబ్‌కీ దేశానికీ ఆడుతుంటే క్లబ్బులు ఈ రెండింటినీ ఎలా నెట్టుకొస్తాయి?

ఫస్ట్‌టచ్:
2025 దాకా ప్రతి సీజన్‌లో ఇదే వరస, లీగ్ మొదలై మూడు నాలుగు వారాలయ్యేది, టీమ్ ఇప్పుడిప్పుడే కుదురుకుంటోంది అనుకునేలోపు సెప్టెంబర్ బ్రేక్ వచ్చేసేది. తిరిగొచ్చి కాస్త ఊపందుకుంటే అక్టోబర్‌లో ఇంకోటి, నవంబర్‌లో మరోటి. నేను ఫాలో అయ్యే క్లబ్‌లో సగానికి పైగా నేషనల్ టీమ్‌లకి ఆడేవాళ్లే, అందుకే బ్రేక్ అయ్యాక వచ్చే మొదటి మ్యాచ్ అంటేనే నాకు టెన్షన్. పాస్‌లు కుదరవు, ఒకడు ప్రెస్ చేస్తే (బంతి లాక్కోవడానికి మీదికి వెళ్తే) పక్కవాడు నిలబడి చూస్తాడు, 60వ నిమిషానికే కాళ్లు ఈడ్చుకుంటూ కనిపిస్తారు. జీతం ఇచ్చేది క్లబ్, గాయమైతే నష్టపోయేదీ క్లబ్బే, మరి ప్లేయర్‌ని పంపం అని చెప్పే హక్కు వాళ్లకెందుకు లేదు? డబ్బున్న క్లబ్బులు ఒక్కో పొజిషన్‌కి ఇద్దరిని పెట్టుకుంటాయి సరే, చిన్నవాటి సంగతేంటి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, ఊరికే ఫిఫాని (ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థని) తిట్టే రిప్లైలు వద్దు.

హాఫ్‌స్పేస్:
హక్కు లేదు బ్రో, ఫిఫా క్యాలెండర్‌లో ఉన్న తేదీలకి పిలుపు వస్తే క్లబ్ ప్లేయర్‌ని వదలాల్సిందే. వదలకపోతే ఆ తేదీలు ముగిశాక ఇంకో 5 రోజులు అతన్ని క్లబ్ తరఫున ఆడించకూడదని రూల్ ఉంది. 2021 సెప్టెంబర్‌లో ఇదే గొడవ. కోవిడ్ ముప్పు ఎక్కువని బ్రిటన్ రెడ్ లిస్ట్‌లో పెట్టిన దేశాలకి వెళ్లొస్తే 10 రోజులు హోటల్లో క్వారంటైన్ ఉండాలని ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ క్లబ్బులు వదల్లేదు, బ్రెజిల్ వాళ్లు ఆ 5 రోజుల నిషేధం పెట్టమని ఫిఫాని అడిగి ఆఖరి నిమిషంలో వెనక్కి తగ్గారు.

క్యాలెండర్‌లో లేని టోర్నమెంట్ అయితే కథ వేరు. ఒలింపిక్స్‌కి పంపాల్సిన బాధ్యత క్లబ్‌కి లేదు. 2008లో మెస్సీ విషయంలో బార్సిలోనా స్పోర్ట్స్ ఆర్బిట్రేషన్ కోర్టుకి వెళ్లి గెలిచింది కూడా, తర్వాత బార్సిలోనా కోచ్ గార్డియోలానే అతన్ని ఆడనిచ్చాడు, అర్జెంటీనా గోల్డ్ కొట్టింది.

డబ్బు సంగతికొస్తే, ఒకప్పుడు క్లబ్బులకి పైసా వచ్చేది కాదు. 2004లో బెల్జియం క్లబ్ షార్లెరువాకి ఆడే అబ్దెల్‌మజీద్ ఉల్మర్స్ మొరాకో తరఫున ఆడుతూ గాయపడి నెలల తరబడి దూరమయ్యాడు. ఆ చిన్న క్లబ్ ఫిఫా మీద కేసు వేసింది, పెద్ద క్లబ్బుల గ్రూప్ జీ-14 దాని వెనక నిలబడింది, కేసు యూరోపియన్ కోర్టు దాకా వెళ్లి 2008లో రాజీ అయింది. ఆ తర్వాతే వరల్డ్ కప్ డబ్బులో క్లబ్బులకి వాటా మొదలైంది, 2010లో 40 మిలియన్ డాలర్లు, 2022కి వచ్చేసరికి 209 మిలియన్లు, 2026కి 355 మిలియన్లు. గాయాలకి వేరే స్కీమ్ ఉంది, నేషనల్ టీమ్ డ్యూటీలో దెబ్బ తగిలి 28 రోజులు దాటి దూరమైతే ఫిఫా ఆ ప్లేయర్ జీతం భరిస్తుంది, గరిష్ఠంగా 75 లక్షల యూరోలు.

కానీ ఆ జీతం చూసి ఏ కోచ్ సంతోషిస్తాడు చెప్పండి. 2023 నవంబర్‌లో బార్సిలోనా మిడ్‌ఫీల్డర్ గావి సంగతి గుర్తుందా, స్పెయిన్ అప్పటికే యూరో కప్‌కి క్వాలిఫై అయిపోయింది, జార్జియాతో ఆఖరి మ్యాచ్, మోకాలి లిగమెంట్ తెగింది. బార్సిలోనాకి ఆ సీజన్‌లో మిగతాదంతా ఆడలేదు, స్పెయిన్ తరఫున ఆ యూరో కప్ కూడా ఆడలేకపోయాడు. జీతం వచ్చిందని మిడ్‌ఫీల్డ్‌లో అతని బదులు ఇంకో గావి దొరకడు కదా.

రికవరీ_డే:
మీరు అడిగిన "ఎందుకు తడబడతారు" అన్నదానికి నా వంతు. అందరూ మ్యాచ్‌ల సంఖ్య లెక్కపెడతారు గానీ, నా దృష్టిలో అసలు దెబ్బ ట్రైనింగ్ దగ్గర పడుతుంది.

సౌత్ అమెరికా ప్లేయర్ ఒకణ్ణి తీసుకోండి. మంగళవారం రాత్రి అక్కడ క్వాలిఫయర్, అంటే ఇంగ్లండ్ టైమ్‌లో బుధవారం తెల్లవారుజాము. మ్యాచ్ అయ్యాక స్నానం చేసి సరాసరి ఎయిర్‌పోర్ట్‌కి, పన్నెండు పదమూడు గంటల ఫ్లైట్, నిద్ర సరిగ్గా పట్టదు, బుధవారం రాత్రికో గురువారం పొద్దునకో క్లబ్‌కి చేరతాడు. గురువారం మసాజ్, సైక్లింగ్, పూల్. శుక్రవారం ఒక్క తేలికపాటి సెషన్, అందులోనే శనివారం ఎదురయ్యే టీమ్ ఎలా ఆడుతుందో, కార్నర్లకి ఎవరు ఎవర్ని మార్క్ చేయాలో అన్నీ చెప్పేయాలి. మ్యాచ్ శనివారం మధ్యాహ్నం 12:30కి పడితే ఇంక చెప్పేదేముంది, లివర్‌పూల్ కోచ్‌గా ఉన్నప్పుడు క్లాప్ ఆ 12:30 స్లాట్ మీద అన్నేళ్లు అరిచింది ఇందుకే.

ఇటు క్లబ్‌లో మిగిలిన కోచ్ పరిస్థితి చూడండి. రెండు వారాలు గ్రౌండ్‌లో ఇద్దరు గోల్‌కీపర్లు, గాయాల నుంచి కోలుకుంటున్న ముగ్గురు నలుగురు, అకాడమీ కుర్రాళ్లు. డిఫెన్స్ లైన్ ఎంత పైకి జరగాలో నేర్పుదామంటే డిఫెండర్లే లేరు. వెళ్లినవాళ్లేమో అక్కడ వేరే కోచ్ దగ్గర వేరే సిస్టమ్‌లో ఆడి వస్తారు, ఇక్కడ వింగర్ అక్కడ స్ట్రైకర్, ఇక్కడ హై ప్రెస్ (ముందుకెళ్లి బంతి లాక్కోవడం) అక్కడ లో బ్లాక్ (వెనక నిలబడి కాచుకోవడం). మీరు చెప్పిన "ఒకడు ప్రెస్ చేస్తే పక్కవాడు నిలబడతాడు" అన్నది అలసట ఒక్కదానివల్లే కాదు, కలిసి ప్రాక్టీస్ చేసింది ఒక్క పూట కాబట్టి. స్పెయిన్ మీడియా దీనికి "ఫిఫా వైరస్" అని పేరే పెట్టేసింది.

ఇక అలసట ముదిరితే ఏమవుతుందో బార్సిలోనా మిడ్‌ఫీల్డర్ పెద్రి విషయంలో చూశాం. 2020-21లో క్లబ్‌కీ దేశానికీ కలిపి 73 మ్యాచ్‌లు, వయసు 18. యూరో కప్ సెమీఫైనల్ జులై 6న ఆడాడు, టోక్యో ఒలింపిక్స్‌లో స్పెయిన్ మొదటి మ్యాచ్ జులై 22న! ఆ తర్వాతి సీజన్‌లో తొడ కండరాల గాయాలతో నెలల తరబడి బయటే ఉన్నాడు. అంత చిన్న వయసులో అంత భారం వేయడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

వింగ్‌బ్యాక్:
అందరూ క్లబ్ వైపు నుంచే మాట్లాడుతున్నారు, నేను కొంచెం ఎదురు చెప్తాను. ఆఫ్రికా ప్లేయర్‌ని కొనేటప్పుడు ఆఫ్రికా కప్ (ఆఫ్రికా దేశాల టోర్నీ, ఎక్కువగా జనవరిలో) ఉంటుందని క్లబ్‌కి తెలియదా? తెలుసు. తెలిసే కొంటారు, గోల్స్ కొడుతున్నంత కాలం మురిసిపోతారు, జనవరి రాగానే ప్రెస్ మీట్‌లో మొహం ముడుచుకుంటారు. 2024 జనవరిలో ఘనాతో మ్యాచ్‌లో లివర్‌పూల్ ప్లేయర్ సలాకి తొడ వెనక కండరం (హ్యామ్‌స్ట్రింగ్) పట్టేసినప్పుడు లివర్‌పూల్ గురించి ఎంత బాధ వినిపించిందో, ఈజిప్ట్ తన కెప్టెన్ లేకుండా మిగిలిన టోర్నీ ఆడాలన్నదాని గురించి అందులో పావు వంతు కూడా వినిపించలేదు.

ఇంకోటి చూడండి. మొరాకోలో 2025 ఆఫ్రికా కప్ నిజానికి వేసవిలో జరపాలనుకున్నారు, యూరప్ లీగ్‌లకి అడ్డం రాకూడదనే. ఆ వేసవిలో 32 టీమ్‌ల క్లబ్ వరల్డ్ కప్ వచ్చి కూర్చుంది, దాంతో టోర్నీ డిసెంబర్ 21కి పోయింది. సరే అంటే, ప్లేయర్లని వదలాల్సిన తేదీని కూడా ఫిఫా డిసెంబర్ 8 నుంచి 15కి జరిపింది. అంటే నేషనల్ కోచ్‌కి టీమ్ తయారు చేసుకోవడానికి వారం కూడా దొరకలేదు. ప్రతిసారీ సర్దుకుపోయేది ఎవరో మీరే చెప్పండి.

ఫస్ట్‌టచ్:
@వింగ్‌బ్యాక్ ఈ కోణం బాగా చెప్పారు, తేదీ జరిపిన సంగతి నాకు తెలియదు. కానీ నా రెండో ప్రశ్న అలాగే ఉంది. ఒకేసారి రెండు చోట్ల ఆడాల్సి వస్తే ఏం చేస్తారు? చిన్న స్క్వాడ్ ఉన్న క్లబ్ ఎలా తట్టుకుంటుంది?

సెకండ్‌బాల్:
ఒకేసారి రెండు చోట్ల అంటే 2019 డిసెంబర్ లివర్‌పూల్. 17న ఆస్టన్ విల్లాతో ఇంగ్లండ్ లీగ్ కప్ క్వార్టర్ ఫైనల్, 18న దోహాలో మెక్సికో క్లబ్ మాంటెర్రేతో క్లబ్ వరల్డ్ కప్ సెమీఫైనల్. విల్లా గ్రౌండ్ విల్లా పార్క్‌కి క్లబ్ చరిత్రలోనే అతి చిన్న వయసు టీమ్‌ని పంపారు, అండర్-23 కోచ్ నీల్ క్రిచ్లీ చూసుకున్నాడు, 5-0తో ఓడారు. మర్నాడు సీనియర్లు 2-1తో గెలిచారు, తర్వాత కప్పు కూడా తెచ్చారు. ఆ కుర్రాళ్లు 5 గోల్స్ తిన్నా ఆఖరిదాకా ముందుకే ఆడారు, ఆ మ్యాచ్ చూసినవాళ్లెవరూ వాళ్లని తప్పుపట్టరు. ఇంకా వెనక్కి వెళ్తే మాంచెస్టర్ యునైటెడ్ 2000 జనవరిలో బ్రెజిల్‌లో క్లబ్ టోర్నీకి వెళ్లడం కోసం ఆ సీజన్ ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్ఏ కప్పే ఆడలేదు.

బ్రెజిల్లో ఇంకా ఘోరం. 2024లో సౌత్ అమెరికా దేశాల టోర్నీ కోపా అమెరికా జరుగుతుంటే ఇటు లీగ్ మ్యాచ్‌లు నడుస్తూనే ఉన్నాయి, ఫ్లమెంగో నుంచి నలుగురు ఉరుగ్వే వాళ్లు, చిలీ మిడ్‌ఫీల్డర్ పుల్గార్, మొత్తం ఐదుగురు వెళ్లిపోయారు. మంచి ప్లేయర్లని కొన్న పాపానికి శిక్ష పడినట్టే. దీనికి రివర్స్‌లో నెదర్లాండ్స్ వాళ్లు 2019లో తమ క్లబ్ అజాక్స్ చాంపియన్స్ లీగ్ (యూరప్ పెద్ద క్లబ్బుల టోర్నీ) సెమీఫైనల్‌కి ఫ్రెష్‌గా ఉండాలని ఆ వారం లీగ్ రౌండ్ మొత్తాన్నే వాయిదా వేశారు.

చిన్న, మధ్యస్థ క్లబ్బుల సంగతికి ఇంగ్లండ్ క్లబ్ న్యూకాజిల్ మంచి ఉదాహరణ. 2023-24లో చాంపియన్స్ లీగ్‌కి వచ్చింది, గాయాలు వరసపెట్టాయి, గ్రూప్‌లో ఆఖరి స్థానం, లీగ్‌లో 7వ స్థానం. మరుసటి సీజన్ యూరప్ మ్యాచ్‌లు అసలు లేవు, వారానికో మ్యాచ్, ట్రైనింగ్‌కి టైమ్. లీగ్ కప్ గెలిచింది, లీగ్‌లో 5వ స్థానం, మళ్లీ చాంపియన్స్ లీగ్. ఇలాంటి క్లబ్‌కి యూరప్ మ్యాచ్‌ల డబ్బు రాకపోతే స్క్వాడ్ పెంచుకోలేదు, స్క్వాడ్ లేకుండా యూరప్‌కి వెళ్తే లీగ్‌లో జారిపోతుంది. దీనికి నాకు కనిపించే దారి అకాడమీ ఒక్కటే, ప్రీమియర్ లీగ్‌లో 25 మంది లిస్ట్‌లోకి 21 ఏళ్లలోపు వాళ్లు లెక్కకి రారు కాబట్టి వాళ్లని ధైర్యంగా వాడుకోవాలి.

హాఫ్‌స్పేస్:
పరిష్కారాల గురించి ఒక మాట. కొన్ని లీగ్‌లు తగ్గించుకున్నాయి, ఫ్రాన్స్ లీగ్ కప్ ఎత్తేసింది, 2023-24 నుంచి లీగ్‌ని 20 నుంచి 18 టీమ్‌లకి కుదించింది, ఇంగ్లండ్ ఎఫ్ఏ కప్ రీప్లేలు (డ్రా అయితే మళ్లీ ఆడే మ్యాచ్‌లు) తీసేసింది. కానీ అలా ఖాళీ అయిన రోజులు విశ్రాంతికి మిగల్లేదు. చాంపియన్స్ లీగ్ మొదటి దశ 6 మ్యాచ్‌ల నుంచి 8 అయింది, ఆపైన క్లబ్ వరల్డ్ కప్. ఫ్రాన్స్ క్లబ్ పీఎస్‌జీ 2025 జులై 13న ఆ ఫైనల్ ఆడి ఆగస్టు 13న యూరప్ సూపర్ కప్‌కి దిగింది, మధ్యలో సరిగ్గా నెల. చాంపియన్స్ లీగ్, క్లబ్ వరల్డ్ కప్ ఈ రెండూ నేషనల్ టీమ్‌ల టోర్నీలు కావు, పెద్ద క్లబ్బులే డబ్బు కోసం ఒప్పుకున్నవి. 2024 అక్టోబర్‌లో ఫిఫా మీద యూరోపియన్ కమిషన్‌కి ఫిర్యాదు చేసింది ప్లేయర్ల యూనియన్, లీగ్‌లు. పెద్ద క్లబ్బులు ఆ పక్కన నిలబడలేదు, గమనించండి.

రికవరీ_డే:
2026 నుంచి సెప్టెంబర్, అక్టోబర్ బ్రేకులు కలిపేసి ఒకే పెద్ద బ్రేక్, నాలుగు మ్యాచ్‌లు. నా లెక్కలో ఇది కొంత నయం, సౌత్ అమెరికా ప్లేయర్ రెండుసార్లు సముద్రం దాటే బదులు ఒక్కసారి దాటుతాడు, క్లబ్ కోచ్‌కి ఆగస్టు నుంచి ఆ బ్రేక్ దాకా వరసగా టీమ్ దొరుకుతుంది. ఇబ్బంది ఏంటంటే వరస పెట్టి నాలుగు మ్యాచ్‌లు ఆడి వచ్చినవాణ్ణి వెంటనే శనివారం దింపాలా వద్దా అన్నది. @ఫస్ట్‌టచ్ మీ క్లబ్ కోచ్ కనీసం ఆ మొదటి మ్యాచ్‌కైనా దూరం నుంచి వచ్చినవాళ్లని బెంచ్ మీద ఉంచుతాడేమో చూడండి, రెండో హాఫ్‌లో 30 నిమిషాలు ఆడించినా చాలు.