హలో ఎవరి పేరూ కాదు

గ్రాహంబెల్ ప్రియురాలి పేరు మార్గరెట్ హలో, ఫోన్ కనిపెట్టగానే ఆమె పేరే పలికాడు అనే ఫార్వర్డు తిరిగి తిరిగి మన గుంపులోకీ వచ్చింది. అదంతా ఉత్త కట్టుకథండీ. బెల్ 1877లో పెళ్లాడింది మేబెల్ హబ్బర్డ్‌ని, ఆమెకు చిన్నతనంలోనే జబ్బు చేసి వినికిడి పోయింది. 1876 మార్చి 10న తీగ మీద ఆయన అన్న తొలి మాటల్లో హలోయే లేదు, సహాయకుడు వాట్సన్‌ని ఇలా రమ్మని పిలిచాడంతే. పైగా బెల్ ఫోనెత్తితే అనమన్నది 'అహోయ్', అంటే ఓడవాళ్ల కేక.

హలో అందామన్నది ఎడిసన్. 1877 ఆగస్టులో పిట్స్‌బర్గ్‌లోని ఒక టెలిగ్రాఫ్ కంపెనీ అధ్యక్షుడికి ఉత్తరం రాస్తూ, పిలవడానికి గంట మోగించక్కర్లేదు, హలో అంటే పది ఇరవై అడుగుల దాకా వినిపిస్తుంది అన్నాడు. అప్పటి ఆలోచన ప్రకారం లైను ఎప్పుడూ తెరిచే ఉంటుంది, అవతలివాణ్ణి కేకేసి రప్పించాలి. మాటను పుట్టించింది మాత్రం ఆయన కాదు, 1820ల్లోనే అమెరికా పత్రికల్లో అచ్చయింది. హల్లో, హొల్లా లాంటి పాత కేకలకు చుట్టం. అప్పట్లో నమస్కారం లాంటి పలకరింపు కాదు, దూరాన ఉన్నవాణ్ణి పిలవడానికో, ఆశ్చర్యపోయినప్పుడో అనేవాళ్లు.

గుంపులో ఒకరు హలోకి తెలుగు మాట ఎందుకు లేదని అడిగారు. ఒరేయ్, ఓయ్, ఏమ్మా, ఏమండీ... పిలుపులకేం కొదవ? కానీ వీటిలో ఏది వాడాలన్నా ముందు అవతల ఎవరున్నారో తెలియాలి, పాత ల్యాండ్‌లైన్ ఎత్తేటప్పుడు అదే కదా తెలియనిది, మామగారు చేస్తే ఓయ్ అనలేం. పెద్దాచిన్నా తేడా లేని మాట కావాల్సి వచ్చింది, హలో సరిపోయింది, నాకు తోచిన కారణం ఇదే. ఇప్పుడు తెర మీద పేరు ముందే పడుతోంది కాబట్టి చాలామంది 'చెప్పరా', 'ఆఁ, చెప్పండి' అంటూ నేరుగా మొదలుపెడుతున్నారు, హలో తెలియని నంబర్లకు మిగిలింది.

ఇంకోటి, క్యూలో మధ్యలో దూరినవాణ్ణి 'హలో మాస్టారూ, లైను ఇటు' అంటాం కదా, అది తప్పు వాడకమని కొందరు దిద్దుతుంటారు. దిద్దక్కర్లేదు. ఫోన్ పుట్టకముందు హలో చేసిన పని అదే.