డ్రాఫ్ట్‌లో కుర్రాణ్ణి చూడాలా, కాలేజీని చూడాలా?

ఫ్రిస్కో_ఫ్యాన్: ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) జట్లు ఏటా కాలేజీ కుర్రాళ్లని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్ ఉంది కదా, అందులో ఆటగాణ్ణి చూడాలా, కాలేజీ పేరుని చూడాలా? నిన్న వాచ్ పార్టీలో దీనిమీదే పెద్ద వాదన. చిన్న కాలేజీ కుర్రాడి మీద మొదటి రౌండ్ పిక్ (ఎంపిక అవకాశం) పెట్టకూడదన్నది నా మాట. 2022లో ఒక్క జార్జియా యూనివర్సిటీ నుంచే 15 మంది డ్రాఫ్ట్ అయ్యారు. అందులో ఐదుగురు డిఫెన్స్ వాళ్లు మొదటి రౌండ్‌లోనే వెళ్లారు. వారం వారం ఎస్ఈసీ (గట్టి పోటీ ఉండే పెద్ద కాలేజీల కూటమి) జట్లతో తలపడ్డవాడూ, బలహీనమైన జట్ల మీద చెలరేగినవాడూ ఒకటెలా అవుతారు?

కొలంబస్‌వాసి: ఒకటి కారు తమ్ముడూ, నిజమే. కానీ ఆ ఐదుగురూ పక్కపక్కన ఆడారు కదా! వాళ్లలో జోర్డాన్ డేవిస్ కొండలా మధ్యలో నిలబడి అవతలి ముందు వరసలోని ఇద్దరు లైన్‌మెన్‌ని తనమీదికి లాక్కుంటే, వెనక రెండో వరసలో ఉన్న లైన్‌బ్యాకర్‌కి దారి ఖాళీ. అప్పుడా ట్యాకిల్ ఎవరి ఖాతాలో వేస్తావు? వాళ్లలోనే లూయిస్ సీన్ 32వ పిక్‌గా వైకింగ్స్‌కి వెళ్లాడు. మొదటి ఏడే కాలు విరిగింది పాపం. కోలుకున్నాక కూడా జట్టులో కుదురుకోలేదు, 2024లో వదిలేశారు.

ఇప్పుడు మా ఊరి ముచ్చట చెప్తా విను. 2013 సీజన్ మొదటి మ్యాచ్, ఒహాయో స్టేడియం. అవతలిది బఫలో యూనివర్సిటీ, ఎవరూ లెక్కలోకి తీసుకోని జట్టు. అందులో ఖలీల్ మాక్ అనే కుర్రాడు రెండున్నర శాక్‌లు కొట్టాడు (శాక్ అంటే పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని బంతి వదిలేలోపే పడగొట్టడం; ఇద్దరు కలిసి పడగొడితే చెరి సగం). చాలదన్నట్టు ఒహాయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్ బ్రాక్స్‌టన్ మిల్లర్ విసిరిన బంతిని మధ్యలోనే అందుకుని 45 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఒహాయో స్టేట్ 40-20తో గెలిచిందనుకో, కానీ ఆ వీడియో నేను ఇప్పటికీ తీసి చూస్తుంటాను. మాక్ 2014లో 5వ పిక్. 2016లో లీగ్ మొత్తానికి ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు. పెద్ద జట్టు ఎదురైనప్పుడు చిన్న కాలేజీవాడు ఎలా ఆడాడో ముందు ఆ మ్యాచ్ తీసి చూడాలి.

ఫ్రిస్కో_ఫ్యాన్: మాక్ సరే అన్నా, మరి ట్రే లాన్స్? నార్త్ డకోటా స్టేట్ అనే చిన్న కాలేజీ క్వార్టర్‌బ్యాక్, 2021లో 3వ పిక్. రెండేళ్లకే నాలుగో రౌండ్ పిక్‌కి మా కౌబాయ్స్ దగ్గరికి వచ్చాడు.

కొలంబస్‌వాసి: లాన్స్ కాలేజీలో స్టార్ట్ చేసినవి 17 మ్యాచ్‌లే. 2020లో అయితే ఒక్కటే. క్వార్టర్‌బ్యాక్‌కి ఆ అనుభవం ఏ మూలకి? కాలేజీ చిన్నదనే తిప్పికొడితే వయోమింగ్ యూనివర్సిటీ నుంచి వచ్చిన క్వార్టర్‌బ్యాక్ జోష్ అలెన్‌ని బిల్స్ 2018లో 7వ పిక్‌గా తీసుకునేవాళ్లా?

అసలు కాలేజీ పేరు చూడాల్సింది అక్కడ ఏం నేర్పారో తెలుసుకోవడానికి. టైట్ ఎండ్ (పాస్‌లు పట్టడం, ఎదుటివాళ్లని అడ్డుకోవడం రెండూ చేసేవాడు) జార్జ్ కిటిల్ అయోవా యూనివర్సిటీలో ఉన్నన్నాళ్లూ కలిపి పట్టింది 48 పాస్‌లు, అంతే. 2017లో 146వ పిక్ దాకా ఆగాడు. కానీ అయోవాలో టైట్ ఎండ్ ముందు బ్లాకింగ్, అంటే ఎదుటివాళ్లని అడ్డుకోవడం, నేర్వాల్సిందే. ఆ పని వచ్చినవాడు గనకే ఫార్టీనైనర్స్ అతణ్ణి మైదానం నుంచి బయటికి పిలవాల్సిన అవసరం లేకపోయింది, 2018లో 1,377 గజాలు సాధించాడు.

ఫ్రిస్కో_ఫ్యాన్: టైట్ ఎండ్ విషయంలో ఒప్పుకుంటున్నా అన్నా. క్వార్టర్‌బ్యాక్‌కి మాత్రం నాకింకా ధైర్యం చాలదు. అలెన్ కాలేజీ మ్యాచ్‌లు ఈ వారం కూర్చుని చూస్తా, ఆ తర్వాత మళ్లీ మాట్లాడుకుందాం.