కాంట్రాక్ట్ కుదిరేదాకా ఆడనంటే డబ్బు మనిషేనా?

బ్రాంప్టన్ బాబాయ్:
మావాడు నైలాండర్ జెర్సీ వేసుకుని తిరుగుతుంటే మొన్న ఇంట్లో మళ్లీ గొడవ. 2018లో టొరంటో ఐస్ హాకీ జట్టు మేపుల్ లీఫ్స్‌తో బేరం తెగక విలియం నైలాండర్ అక్టోబర్, నవంబర్ రెండు నెలలూ ఆడలేదు. డిసెంబర్ 1 సాయంత్రం 5 గంటల గడువుకు కొద్ది నిమిషాల ముందు ఆరేళ్లకు సంతకం పెట్టాడు. తీరా వచ్చాక 54 మ్యాచుల్లో 7 గోల్స్! తోటివాళ్లు చెమటోడుస్తుంటే బయట కూర్చున్నవాడికి నేను చప్పట్లు కొట్టను. ఏమంటారు?

ఒట్టావా చలిపులి:
దానికే అంత బాధైతే మా అలెక్సీ యాషిన్‌ని ఏమనాలి బాబాయ్? ఒట్టావా సెనెటర్స్ కెప్టెన్, 1998-99లో 44 గోల్స్ కొట్టినవాడు. కాంట్రాక్ట్ ఇంకో ఏడాది ఉండగానే జీతం పెంచమని 1999-2000 సీజన్ మొత్తం ఎగ్గొట్టాడు. ఆ ఏడాది ఆట సెనెటర్స్‌కి బాకీ ఉన్నట్టేనని మధ్యవర్తి తీర్పిచ్చాక తిరిగొస్తే, సొంత రింక్‌లోనే బూ అని అరిచాం. 2001లో అతన్ని న్యూయార్క్ ఐలాండర్స్‌కి ఇచ్చేస్తే బదులుగా డిఫెన్స్ ఆటగాడు జ్‌డేనో చారా వచ్చాడు, దాంతోపాటు వచ్చిన రెండో డ్రాఫ్ట్ పిక్‌తో (కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వరసలో రెండో ఛాన్స్) జేసన్ స్పెజ్జా దొరికాడు. పీడా పోయి పండగొచ్చినట్టైంది.

లెక్కల మాస్టారు:
ఇద్దర్నీ ఒకే గాటన కట్టకండి. యాషిన్ సంతకం పెట్టి మాట తప్పాడు. నైలాండర్‌కి అప్పటికి కాంట్రాక్టే లేదు. పాతది అయిపోయినా హక్కులు మాత్రం లీఫ్స్ చేతిలోనే ఉన్నాయి. రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్ అంటే అదే: ఇంకో జట్టు ఆఫర్ ఇచ్చినా పాత జట్టు అంతే ఇచ్చి అట్టిపెట్టుకోవచ్చు. అలాంటివాడు ఇంకేం చేయగలడు, రాననడం తప్ప? అదీ డిసెంబర్ 1 దాకే. దాటితే ఆ సీజన్‌లో ఎన్‌హెచ్‌ఎల్ (ఈ జట్లన్నీ ఆడే లీగ్) ఆడే వీల్లేదు. 2004-05లో ఓనర్లు లాకౌట్ పెడితే సీజన్ మొత్తం పోయింది. మరుసటి ఏడు మనమే ఎగబడి టికెట్లు కొన్నాం కదా!

బ్రాంప్టన్ బాబాయ్:
మాస్టారూ, శాలరీ క్యాప్‌ని, అంటే జట్టు మొత్తం జీతాలకు ఉండే పరిమితిని, మర్చిపోయారు. ఏటా సుమారు 70 లక్షల డాలర్లు అతనికి పోతే ఓనర్‌కి నష్టమేం లేదు, పక్కవాడి వాటా తగ్గుతుంది. నా కోపం అందుకే.

బోస్టన్ గోలీ:
క్యాప్ ఒక సాకు అండీ. 2024లో మా బోస్టన్ బ్రూయిన్స్ గోల్‌కీపర్ జెరెమీ స్వేమన్ కాంట్రాక్ట్ కుదరక సీజన్ ముందు జరిగే శిక్షణ క్యాంప్‌కి రాలేదు. 6.4 కోట్ల డాలర్ల దాకా ఇస్తామన్నట్టు బ్రూయిన్స్ ప్రెసిడెంట్ కామ్ నీలీ విలేకరుల ముందే దెప్పిపొడిచాడు. వారం తిరక్కుండా ఎనిమిదేళ్లకు 6.6 కోట్లకు కుదిరింది. ఆ సీజన్ స్వేమన్ సేవ్ పర్సెంటేజ్ (వచ్చిన షాట్లలో ఆపినవాటి వంతు) .892 మాత్రమే, జట్టు ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు. క్యాంప్ పోగొట్టుకున్నందుకే ఇలా అయిందని నేనూ తిట్టాను. అదే గెలిచుంటే ఆ మాట ఎత్తేవాణ్నా? అనుమానమే.

లెక్కల మాస్టారు:
మరి నైలాండర్ వరసగా రెండు సీజన్లు 40 గోల్స్ కొట్టాడు. 2024 జనవరిలో ఎనిమిదేళ్లకు 9.2 కోట్ల డాలర్లు రాసిచ్చారు. అప్పుడు క్యాప్ గుర్తుకు రాలేదా బాబాయ్?

బ్రాంప్టన్ బాబాయ్:
వచ్చింది. కానీ మావాడి జెర్సీ కొన్నది నేనే, ఇంకేం మాట్లాడను! యాషిన్ వేరు, ఇతను వేరు అన్నది ఒప్పుకుంటా. ఆ 28 మ్యాచుల సంగతి మాత్రం మర్చిపోను.