లాక్ ఫైల్ (ప్యాకేజీల వెర్షన్ల పట్టీ) ఉంటే సరిపోతదా, డాకర్ ఇమేజ్‌ను (ప్రోగ్రామ్ నడిచే మూట) కూడా ఒక్క వెర్షన్‌కు బిగించాలా?

నల్గొండ నుంచి:
మిర్యాలగూడ రైస్ మిల్లులకు వేబ్రిడ్జి లెక్కలు చూసే చిన్న సాఫ్ట్‌వేర్ మాది. 2023 వానకాలం వడ్లు దిగుతున్నప్పుడు వెర్షన్లు పెంచే బాట్ ఒక మార్పు పంపింది: ఇమేజ్ ఎట్ల కట్టాల్నో చెప్పే డాకర్‌ఫైల్ మొదటి లైన్‌ల పైథాన్ 3.11 పోయి 3.12. ఒక్క అంకెనే కదా అని మా పిల్లగాడు మెర్జ్ చేసిండు. లాక్ ఫైల్‌ల నంపై (లెక్కల ప్యాకేజీ) 1.24 అట్లనే ఉంది. పైథాన్ 3.12కు వీల్ (ముందే కంపైల్ చేసిన ప్యాకేజీ) నంపై 1.26 నుంచే ఉంది. దాంతోని ప్యాకేజీలు ఎక్కించే పిప్ సోర్స్ దించి కంపైల్ చేయబోయింది. దానికి కావాల్సిన డిస్ట్‌యుటిల్స్‌ను 3.12ల తీసేసిన్రు, స్లిమ్ (చిన్న) ఇమేజ్‌ల జీసీసీ కంపైలర్ లేదు. బిల్డ్ ఆగింది. అదే రోజు తేమ కోత లెక్కల తప్పు దిద్ది పంపాల్సి ఉండె. సాయంత్రం దాకా తక్‌పట్టీలు (రైతుకిచ్చే తూకం చీటీలు) చేత్తోనే రాసిన్రు.
నా మాట ఒక్కటే: ఇమేజ్, లాక్ ఫైల్ ఒకే కమిట్‌ల మారాలె. ఇమేజ్‌కు ట్యాగ్ (వెర్షన్ పేరు) చాలదు, డైజెస్ట్ (ఆ ఒక్క ఇమేజ్‌కే ఉండే హ్యాష్) రాయాలె.

పాలమూరు నుంచి:
ఒకే కమిట్ అంటే ఒప్పుకుంటా అన్నా. డైజెస్ట్ దగ్గరనే పేచీ. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీకి డెబియన్ (ఇమేజ్ లోపలి లినక్స్) వాళ్లు ప్యాచ్ ఇస్తే, ట్యాగ్ మీద వారం వారం రీబిల్డ్ చేసేటోళ్లకు అది దానంతట అదే అందుతది. డైజెస్ట్ రాసి ఆర్నెల్లు మర్చిపోతే? ఇద్దరు ముగ్గురున్న టీంల ఎవరు గుర్తుపెట్టుకుంటరు?

నల్గొండ నుంచి:
ట్యాగ్ ముట్టుకోకున్నా కింది డెబియన్ కదులుతది తమ్మీ. 2025 ఆగస్టుల డెబియన్ 13 వచ్చినంక 3.12-స్లిమ్ అనే అదే ట్యాగ్ బుక్‌వార్మ్ (డెబియన్ 12) నుంచి ట్రిక్సీకి (డెబియన్ 13) మారింది. దాని సీ లైబ్రరీ గ్లిబ్‌సీ 2.36 పోయి 2.41 వచ్చింది. లాక్ ఫైల్‌ల ఒక్క అక్షరం మారలే. అది పైథాన్ ప్యాకేజీలనే కాస్తది, ఆప్ట్ (డెబియన్ ప్యాకేజీల టూల్) దించేవాటిని కాదు.

సూర్యాపేట నుంచి:
ట్యాగ్‌ల డెబియన్ పేరు కూడా రాయుండ్రి, 3.12-స్లిమ్-బుక్‌వార్మ్ అని. ప్యాచ్‌లు వస్తయి, డెబియన్ మారదు. పిప్ లెక్కనే ప్యాకేజీలు ఎక్కించే యూవీ వాడితే, దాని సింక్ కమాండ్‌కు లాక్‌డ్ ఆప్షన్ పెట్టుండ్రి, లాక్ పాతదైతే అక్కడనే ఆగుతది. ఫ్రోజెన్ పెడితే చూడకుండనే దాటిపోతది.

పాలమూరు నుంచి:
దీనికి నేను సై. ప్రాజెక్టుకు ఏ పైథాన్ కావాల్నో చెప్పే రిక్వైర్స్-పైథాన్‌కు పై హద్దు కూడా పెడితే బాట్ మార్పు బిల్డ్‌లనే పట్టుబడుతది.

సూర్యాపేట నుంచి:
యూవీతోని జాగ్రత్త. హద్దుకు సరిపోయే పైథాన్ ఇమేజ్‌ల లేకపోతే తనే దించుకుంటది, బిల్డ్ పాసైతది, లోపల రెండు పైథాన్‌లుంటయి. పైథాన్ డౌన్‌లోడ్స్‌ను నెవర్ అని పెట్టాలె.

నల్గొండ నుంచి:
ఇది నాకు తెల్వదు, ఇయ్యాల్నే పెడుతున్న. డైజెస్ట్ మాత్రం వదల. దాన్ని బాట్‌తోని వారానికోసారి మార్పిస్త. లాక్ నుంచి మొత్తం ఇన్‌స్టాల్ అయ్యి, సీఐల (ఆటోమేటిక్ పరీక్షల) ఒక తక్‌పట్టీ ప్రింట్ అయితేనే మెర్జ్. ప్యాచ్ వారం ఆలస్యమైతే భరిస్త. వడ్ల ట్రాక్టర్ మీద కూర్చొని మబ్బు దిక్కు చూసే రైతును గేటు కాడ ఆపలేను.