డీఎఫ్ఎస్ నేమ్‌స్పేస్‌లోంచి పాడైపోయిన సర్వర్‌ను తీసేయడం ఎలా?

మా హెడ్డాఫీసు నెల్లూరు, బ్రాంచి ఒంగోలు. ఒకటే డొమైన్, విండోస్ సర్వర్ 2019, డొమైన్ బేస్డ్ డీఎఫ్ఎస్ నేమ్‌స్పేస్ (వేర్వేరు సర్వర్లలోని షేర్డ్ ఫోల్డర్లను ఒకే పాత్ కింద చూపించేది). ఒంగోలులోని నేమ్‌స్పేస్ సర్వర్ డిస్కులు పోయి మళ్లీ లేవలేదు. వేరే పేరుతో కొత్తది పెట్టి నేమ్‌స్పేస్‌లో చేర్చాం. పాతది మాత్రం జాబితాలోంచి పోవడం లేదు.

నెల్లూరులో ఎవరికీ ఇబ్బంది లేదు. ఒంగోలు వాళ్లు పొద్దున్నే షేర్డ్ డ్రైవ్ తెరిస్తే అర నిమిషం పైగా తిరుగుతుంది, ఒక్కోసారి సిస్టమ్ ఎర్రర్ 53 (నెట్‌వర్క్ పాత్ దొరకలేదని) వస్తుంది. ఆ సమయంలో ప్రాపర్టీస్‌లో డీఎఫ్ఎస్ ట్యాబ్ చూస్తే పాత సర్వర్ పేరే పైన, పక్కన ‘యాక్టివ్’ అని. అదే సైట్‌లోది కాబట్టి డీఎఫ్ఎస్ ముందు దాని పేరే ఇస్తోందనుకుంటున్నాను. కొత్త సర్వర్ పేరుతో నేరుగా వెళితే ఫైళ్లు వెంటనే తెరుచుకుంటాయి.

డీఎఫ్ఎస్ మేనేజ్‌మెంట్‌లో రిమూవ్ కొడితే ఆర్‌పీసీ సర్వర్ అందుబాటులో లేదంటోంది. క్లయింట్‌లో రెఫరల్ క్యాష్ (ఏ సర్వర్‌కు వెళ్లాలో గుర్తుపెట్టుకున్న జాబితా) ఫ్లష్ చేస్తే కాసేపు బాగుంటుంది. రూట్ రెఫరల్ గడువు డిఫాల్ట్ 300 సెకన్లే, తర్వాత మళ్లీ అదే కథ. డీఎన్ఎస్‌లో పాత రికార్డు తీసేశాను. డొమైన్ కంట్రోలర్ల మధ్య రెప్లికేషన్‌లో ఎర్రర్లు లేవు. నెలాఖరు బిల్లులన్నీ ఆ ఫోల్డర్లలోనే ఉన్నాయి, అదే టెన్షన్.

ఇక మిగిలింది డీఎఫ్ఎస్‌యుటిల్ అనే కమాండ్‌లైన్ టూల్‌లోని అన్‌మ్యాప్‌డామ్‌రూట్ కమాండ్. సిస్టమ్ స్టేట్ బ్యాకప్ తీసుకునే చేస్తాను. వాడినవాళ్లు చెప్పండి: అది పాత సర్వర్ రూట్ టార్గెట్‌ను (నేమ్‌స్పేస్‌లో ఆ సర్వర్ ఎంట్రీని) మాత్రమే తీసేస్తుందా, లేక మిగతా ఫోల్డర్ లింకులు కూడా దెబ్బతింటాయా?