నాగావళి ఒడ్డున చెట్ల కింద టెంట్ వేసుకుని పిల్లలతో రాత్రి ఉండొచ్చా?

రాయగడవాసి:
డిసెంబర్ సెలవుల్లో మా పిల్లలు, మా బావగారి కుటుంబం అందరం కలిసి ఒక రాత్రి బయట పడుకుందామని ప్లాన్. నది ఒడ్డునే ఉన్న పిక్నిక్ చోటు హాతీపథర్ దగ్గర జనం ఎక్కువ, అందుకే ఊరికి దూరంగా నది పక్కన మద్దిచెట్లు, నేరేడు చెట్లు గుబురుగా ఉన్న తోపు ఒకటి చూసి పెట్టాం, మిట్టమధ్యాహ్నం కూడా నేల మీద ఎండ పడదు. టెంట్ ఇసుకలో వేయాలా, చెట్ల కిందా? దోమల సంగతేంటి? మా అమ్మ ఒకటే టెన్షన్ పడుతోంది.

గుణుపురం మేష్టారు:
ఇసుకలో మాత్రం వద్దు బాబూ. మన దగ్గర చినుకు పడకపోయినా పైన కొండల్లో గట్టిగా కురిస్తే చాలు, ఈ నదులు చూస్తుండగానే పొంగుతాయి. 2017 జూలైలో నాగావళి, కల్యాణి పొంగినప్పుడు తేరువలి దగ్గర రైలు వంతెనే కొట్టుకుపోయింది. వానలు వెనకపట్టాయి కదా అని దసరాకే బయల్దేరేవాళ్లున్నారు, తిత్లీ తుపాను వచ్చింది 2018 అక్టోబర్ 11న. డిసెంబర్‌లో అంత భయం లేదు గానీ చోటు మాత్రం చూసే ఎంచుకోండి. ఒడ్డు చెట్ల కొమ్మల్లో ఎండుగడ్డి, ప్లాస్టిక్ కవర్లు, చిరిగిన గోనెపట్టాలు చిక్కుకుని ఉంటాయి, వరద అంత ఎత్తుకి వచ్చిందని గుర్తు. దానికి బాగా పైన, గట్టు మీద వేయండి. పైకి తలెత్తి ఎండుకొమ్మలున్నాయేమో చూడండి, నేరేడు కొమ్మ అసలే పెళుసు.

నర్సమ్మ, బిసంకటక్:
మలేరియా గురించి చెబుతాను, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. మురుగు లేదు కాబట్టి దోమలుండవు అనుకుంటారు చాలామంది. మన కొండల్లో మలేరియా తెచ్చే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ దోమ గుడ్లు పెట్టేదే తేటగా, నెమ్మదిగా పారే వాగునీళ్లలో, పైగా వానలు తగ్గాక చలికాలంలోనే దాని జోరు. రాత్రిపూట, అందరూ నిద్రలో ఉన్నప్పుడు కుడుతుంది. టెంట్‌కి జాలీ ఉన్నా జిప్పు పిల్లలు వేయరు, లోపల దోమలమందు పట్టించిన తెర కట్టండి. తిరిగొచ్చాక నెల రోజుల్లోపు ఎవరికి జ్వరమొచ్చినా, అది మామూలు జలుబు జ్వరంలా ఉన్నా సరే, ఊరి ఆశా కార్యకర్త దగ్గర అదే రోజు రక్తపరీక్ష చేయించండి. ప్లాస్టిక్ కప్పు అడుగున నిలిచిన నీళ్లకంటే ఆ తేట వాగే ఇక్కడ ఎక్కువ ప్రమాదం.

పార్వతీపురం:
మీ తోపు రాయగడకి దిగువన మావైపు ఉంటే ముందు పక్క ఊళ్లో ఏనుగుల సంగతి అడగండి. కొమరాడ, కురుపాం మండలాల్లో అవి నది దాటి పంటల్లోకి వస్తుంటాయి. అటవీశాఖ స్థలమైతే అనుమతి లేకుండా మంట పెట్టకూడదు. ఇంకో మాట, కొండల్లో కొన్ని తోపులు కోందు గిరిజనుల దేవతల చోట్లు, ఊరి పెద్దని అడగకుండా దిగకండి.

రాయగడవాసి:
అందరికీ థ్యాంక్సండీ. మేష్టారు చెప్పిన గుర్తు చూశాం, మేమనుకున్న చోట మనిషెత్తు కొమ్మల్లో గడ్డి వేలాడుతోంది. పైన గట్టు మీద మామిడితోపు ఉంది, అది ఒక రైతుది, ఉండమన్నాడు. నర్సమ్మగారూ, మందు తెరలు బజార్లో దొరుకుతాయా, ఆశా దగ్గరే అడగాలా?

నర్సమ్మ, బిసంకటక్:
ముందు ఇంట్లో చూడండి, ప్రభుత్వం పంచినవి మన ఊళ్లలో చాలా ఇళ్లలో మడతపెట్టి అటకమీదే ఉన్నాయి. లేకపోతే ఆశాని అడగండి. వాడే ముందు ఒకరోజు నీడలో ఆరబెట్టండి, ఎండలో వేస్తే మందు పోతుంది.